సెలవుల్లో ఏమీ చేయకుండా ఉండాలనుకుంటే తప్పా?

ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పదమూడేళ్ల అమ్మాయి, ఆరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు ఇంట్లో ఉంటారు. చాలా కాలానికి అందరికీ ఒకేసారి ఎనిమిది రోజులు సెలవు కుదిరింది. ఏడాదంతా వెచ్చగా ఉండే ఒక చిన్న సముద్రతీరపు ఊరికి వెళ్దామనుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆమె భర్త ఎక్సెల్ షీట్ తెరిచి గంటగంటకీ ప్లాన్ వేశారు. ఆ ఊరితో పాటు పక్కనున్న మరో రెండు ఊళ్లు, పొద్దున ఆరింటికి పడవ, మధ్యాహ్నం కోట, సాయంత్రం ఇంకో బీచ్. ‘అంత డబ్బు పెట్టి వెళ్లి గదిలో పడుకుంటామా? పడుకోవడానికి మనకి ఇల్లు లేదా?’ అంటారట ఆయన. ఈమెకేమో ఒక్క ఊళ్లోనే ఉండి, అలారం లేకుండా నిద్రలేచి, సముద్రాన్ని చూస్తూ కూర్చోవాలని ఉంది. కిందటిసారి ఇలాగే తిరిగితే ఎండకి బాబు ఒళ్లంతా కమిలిపోయింది. తిరిగొచ్చాక ఈమె ఆఫీసుకి మళ్లీ సెలవు పెట్టాల్సి వచ్చింది. ఈసారి ఖర్చు తగ్గుతుందని వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుందామని కూడా ఆయన అంటున్నారు.

చివర్లో ఆమె ఇలా అడిగారు: ‘నాకు రెస్ట్ కావాలని గట్టిగా అంటే అందరి సరదా పాడుచేసినదాన్నవుతానా? అనకుండా వెళ్తే మళ్లీ అలసిపోయి వస్తాను. అసలు వెళ్లడమే మానేద్దామా అనిపిస్తోంది.’

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ వంటగది. దాని గురించి మీరు ఒక్క వాక్యం రాసి దాటేశారు. మీ వారి షీట్‌లో పడవ ఉంది, కోట ఉంది, సూర్యాస్తమయం కూడా ఉంది. పొద్దున్నే స్టవ్ ఎవరు వెలిగిస్తారు, తడిసిన బట్టలు ఎవరు ఆరేస్తారు, బాబు ఒంటికి అంటిన ఇసుక ఎవరు కడుగుతారు, అత్తగారి మందుల వేళ ఎవరు గుర్తుపెట్టుకుంటారు అన్నవి లేవు. ఇంట్లో కూడా అవి ఎక్కడా రాసి ఉండవు కదా, జరిగిపోతూ ఉంటాయంతే. అందుకే ఒక మాట ముందే చెబుతాను. ఆ ప్లాన్ మొత్తం చించేసి మీరు కోరినట్టే ఒకే ఊళ్లో ఎనిమిది రోజులు ఉన్నా, ఈ పనులన్నీ మీ మీదే పడితే మీరు మళ్లీ అలసిపోయే వస్తారు. మీ ఇద్దరి మధ్య వాదన తిరగడమా, కూర్చోవడమా అన్న దగ్గర ఆగిపోయింది. పనులు ఎవరివి అన్న ప్రశ్న దాకా రాలేదు.

ఇక ‘సరదా పాడుచేసినదాన్నవుతానా’ అన్నారు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. సెలవులకు వెళ్లబోయేవాళ్లు, వెళ్లనివాళ్ల కన్నా ముందు నుంచే కాస్త ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరి మధ్య దాదాపు తేడా లేదు. ‘చాలా విశ్రాంతిగా గడిచింది’ అని చెప్పినవాళ్లలోనే ఆ సంతోషం కొన్నాళ్లు నిలిచింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు గానీ, మీ కోరిక బద్ధకమేమీ కాదని చెప్పడానికి ఇది చాలు. దీన్ని తీసుకెళ్లి మీ వారి ముందు సాక్ష్యంలా పెట్టకండి. వాదనలో గెలుస్తారు, సెలవుల్లో ఓడిపోతారు.

ఆయన వైపు నుంచి కూడా చూడాలి. కొందరికి తిరగడమే విశ్రాంతి. కొత్త చోట కాళ్లు కదిలితేనే వాళ్ల బుర్ర ఆఫీసుని మర్చిపోతుంది. గదిలో కూర్చుంటే మళ్లీ ఫోన్ తీసి మెయిల్ చూస్తారు. పైగా టికెట్లు, గదులు, వేళలు అన్నీ చూసుకోవడం కూడా పనే. ఆ షీట్‌కి మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా థాంక్స్ చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. నా ఊహ తప్పు కావచ్చు, కానీ గంటగంటకీ ప్లాన్ వేసేవాళ్లలో చాలామందికి లోపల ఒక భయం ఉంటుంది. తన వల్ల డబ్బు దండగయిందని ఎవరైనా అంటారేమో అని.

మీ ఇద్దరి తగువులో సగం ఆ ఊరే తీర్చేస్తుంది. చిన్న సముద్రతీరపు ఊళ్లకి వాటి టైమ్‌టేబుల్ వాటికి ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఎండలోని అతినీలలోహిత కిరణాల సూచీ మధ్యాహ్నం పూట తరచూ 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో 11, ఆపైన అంటే అత్యంత తీవ్రం. మబ్బు పట్టినా ఈ కిరణాలు చాలావరకు కిందికి వస్తాయి. నీళ్లు, తెల్ల ఇసుక వాటిని కొంత తిప్పికొట్టి మళ్లీ మన మీదే వేస్తాయి. కిందటిసారి మీ బాబు విషయంలో ఇదే జరిగి ఉంటుంది. కాబట్టి పది నుంచి నాలుగు దాకా పిల్లల్ని బీచ్‌లో ఉంచకూడదు. సన్‌స్క్రీన్ పూసినా రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ పూయాలి. అంటే రోజులో ఆరు గంటలు నీడలోనే గడపాలి, ఎవరి ఇష్టాయిష్టాలతోనూ సంబంధం లేకుండా. ‘నాకు రెస్ట్ కావాలి’ అన్నప్పుడు ఒప్పుకోని మనిషి కూడా ‘పది నుంచి నాలుగు దాకా ఎండ, ఆ టైమ్‌కి ఏమీ పెట్టొద్దు’ అంటే షీట్‌లో ఆ గడులు ఖాళీగా ఉంచేస్తారు.

ఆటుపోట్ల సంగతీ అంతే. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఆ వేళలు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఇవాళ ఎనిమిదింటికి వెడల్పుగా కనిపించిన ఇసుక తీరం నాలుగు రోజుల తర్వాత అదే వేళకి నీళ్లలో ఉండొచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టంలో తేడా ఇంకా ఎక్కువ. ఈ పట్టిక చూసే పని మీ వారికే అప్పగించండి. షీట్లంటే ఇష్టమున్నవాళ్లకి అది మంచి పని, నిజంగా ఉపయోగపడేది కూడా. ఆ పట్టిక చూశాక రోజూ ఒకే వేళకి ఒకే పని పెట్టడం కుదరదని ఆయనకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మూడు ఊళ్ల ప్లాన్ అలాగే ఉంచితే ఏమవుతుందో మొదట లెక్కేయండి. వెళ్లే రోజు, వచ్చే రోజు ప్రయాణానికి పోతాయి. మధ్యలో రెండుసార్లు ఊరు మారాలి. చాలా చోట్ల పదకొండు ప్రాంతంలో గది ఖాళీ చేయమంటారు, కొత్త గది మధ్యాహ్నం రెండు తర్వాత గానీ ఇవ్వరు. ఐదుగురి సామాన్లు సర్దడం, విప్పడం, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, ఆకలికి ఆగలేని ఆరేళ్ల పిల్లాడు. ఆ రెండు రోజులూ దాదాపు పోయినట్టే. ఎనిమిదిలో నాలుగు రోజులు సంచులతోనే గడుస్తాయి. ఇలా వెళ్తే మీ వారికి ఎక్కువ చూసిన తృప్తి ఉంటుంది, ఫోటోలు ఉంటాయి. మీకు ఏం మిగులుతుందో కిందటిసారి చూశారు. ఈ దారి వద్దని నేను చెప్పను గానీ, లెక్క తెలిశాక ఎంచుకోండి.

రెండోది మీరు కోరేది, ఒకే ఊరు. దీనికీ ఇబ్బందులున్నాయి. చిన్న ఊళ్లో చూడ్డానికి ఉన్నవి రెండో రోజుకే అయిపోవచ్చు. మూడో రోజు అమ్మాయి ‘బోర్’ అంటుంది, మీ వారు గదిలో అటూ ఇటూ తిరుగుతారు. ఆశ్చర్యంగా మీకు కూడా మొదటి ఒకటి రెండు రోజులు చేతులు ఊరుకోవు, ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. పరుగు అలవాటైన ఒంటికి ఆగడానికి కాస్త టైమ్ పడుతుంది. రెండో రోజు సాయంత్రం ‘ఇది మన పొరపాటు’ అని ఎవరూ తీర్పు చెప్పకూడదని ముందే మాట అనుకోండి. ఇంకో భయం, తీసుకున్న గది బాగోకపోతే ఎనిమిది రోజులూ ఇరుక్కుపోతారు. మొదటి మూడు రాత్రులకే డబ్బు కట్టి, మిగతావి రద్దు చేసుకునే వీలుతో తీసుకుంటే ఆ బాధ ఉండదు. కిటకిటలాడే సీజన్‌లో ఈ వీలు దొరకడం కష్టం, అప్పుడు కాస్త ఎక్కువ కట్టాల్సి రావచ్చు.

మూడోది, రెండు ఊళ్లు. మొదటి మూడు రోజులు ఆయన ప్లాన్, తర్వాత ఐదు రోజులు మీది. వరుస మాత్రం ఇదే ఉండాలి. తిరగాలన్న ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది, తిరిగేశాక కూర్చోవడం ఆయనకీ సులువు. ముందు విశ్రాంతి, తర్వాత తిరుగుడు అంటే మీరు అలసటతోనే ఆఫీసుకి వెళ్తారు. ఇందులో నష్టం ఏమిటంటే ఆ మొదటి మూడు రోజులు మీరు నిజంగా ఆయన ప్లాన్‌లో ఉండాలి. ముఖం మాడ్చుకుని పడవ ఎక్కితే ఎక్కనట్టే.

నాలుగోది చాలా కుటుంబాలకి తట్టదు. ఒకే ఊళ్లో దిగండి, రోజంతా ఐదుగురూ కలిసే ఉండాలన్న పట్టుదల వదలండి. మీ వారు, అమ్మాయి రెండు రోజులు పొద్దున్నే బయల్దేరి పక్క ఊళ్లు చూసి సాయంత్రానికి వచ్చేస్తారు. పదమూడేళ్ల పిల్లకి నాన్నతో ఒంటరిగా గడిపే రోజు దొరకడం చిన్న విషయం కాదు, ఇంకో రెండేళ్లు పోతే అడిగినా రాకపోవచ్చు. చిక్కల్లా బాబు, అత్తగారు మీ దగ్గరే మిగిలిపోవడం. అప్పుడు అది ఆయనకి విహారం, మీకు మామూలు ఆదివారం అవుతుంది. దానికి బదులుగా మరో రెండు పొద్దులు బాబుని ఆయనే చూసుకోవాలి, మీరు పది దాకా ఎవరికీ దొరకకూడదు. ఈ మార్పిడి నోటిమాటగా కాక ఆ షీట్‌లోనే ఎక్కించండి. అక్కడ రాస్తేనే మీ ఇంట్లో పనులు జరుగుతాయని నాకు అర్థమైంది.

నన్నడిగితే మీ ఇంటికి నాలుగోదే సరిపోతుందనిపిస్తోంది. మీ వారికి ఊళ్లు చూడకపోవడం కన్నా ఊళ్లు చూస్తున్నప్పుడు పక్కన మీరు లేకపోవడమే బాధ అయితే మాత్రం మూడోదే మేలు. అది ఆయన్ని అడిగితే గానీ తెలియదు.

వంటగది దగ్గరికి మళ్లీ వస్తాను. ఆరేళ్ల పిల్లాడు, పెద్దావిడ ఉన్నప్పుడు స్టవ్, ఫ్రిజ్ ఉంటే మేలే. వేళ కాని వేళ పాలు కాచాలన్నా, మందులు చల్లగా ఉంచాలన్నా పనికొస్తాయి. అయితే వంటగది ఉంటే వంట మొదలవుతుంది. ఇల్లు తీసుకునే ముందే షరతు పెట్టుకోండి: రోజుకి ఒక్క పూటే, అదీ తేలికైనది, పెద్దవాళ్లు వంతులవారీగా. మిగతా పూటలు బయట. ‘ఖర్చు’ అంటే మూడో ఊరు తీసేస్తే మిగిలే ప్రయాణపు ఖర్చు, గది అద్దె తేడా చూపించండి. ఐదుగురి బయటి భోజనాలు చాలావరకు అందులో వచ్చేస్తాయి. షరతుకి ఆయన ఒప్పుకోకపోతే వంటగది లేని గదే తీసుకోండి. కాస్త ఇబ్బంది పడతారు గానీ స్టవ్ మీ మెడకి చుట్టుకోదు.

మీ అత్తగారి గురించి. మీ ఉత్తరంలో ఆవిడ మోకాళ్లు ఉన్నాయి, ఆవిడ లేరు. ఆవిడకి ఏం కావాలో మీలో ఎవరైనా అడిగారా? సముద్రం అంటే ఇష్టమో, ఇసుకలో నడవాలంటే భయమో, ఈ ఎనిమిది రోజులు కూతురి దగ్గరో అక్కచెల్లెళ్ల దగ్గరో ఉంటే బాగుండునని మనసులో ఉందో. అడిగితే రానంటారేమోనని అనుమానం వద్దు, వస్తానన్నా రానన్నా అది ఆవిడ మాట. వస్తే గనక కింది అంతస్తులోనే గది తీసుకోండి, వీలైతే వరండాలోంచి నీళ్లు కనిపించేది. పొడి ఇసుకలో కాలు దిగబడి మోకాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది. ఆటు సమయంలో నీళ్ల దగ్గర బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, దాని మీద నడవడం సులువు. ‘అత్తయ్యగారు ఎలాగూ గదిలోనే ఉంటారు కదా’ అని పిల్లాణ్ని పూర్తిగా ఆవిడకి వదిలేసే ఆలోచన మాత్రం మీరిద్దరూ చేయకండి. మీకు ఏ ఇబ్బంది ఉందని నాకు రాశారో అదే ఆవిడకి చేసినట్టవుతుంది.

ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. ఉష్ణమండలం అంటే ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటారు, అలా ఉండదు. భారత పశ్చిమ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ఉగ్రంగా ఉంటుంది. శ్రీలంక నైరుతి తీరానికి డిసెంబరు నుంచి మార్చి మంచి కాలమైతే, అదే దేశపు తూర్పు తీరానికి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. థాయ్‌లాండ్‌లో క్రాబీ వైపు మే నుంచి అక్టోబరు వానలైతే, సముయ్ దీవిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు. కరీబియన్ వైపు హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30. గది ధర బాగా తక్కువగా ఉంటే ముందు ఆ నెల సంగతి చూడండి. వానాకాలం తప్పే కాదు, మీలాంటివాళ్లకి ఒక రకంగా నచ్చుతుంది కూడా, ఊరు ఖాళీగా ఉంటుంది. ఈతకి, పడవలకి వీలుండదు, సగం దుకాణాలు మూసేసి ఉంటాయి. పిల్లలతో నాలుగు గోడల మధ్య అంటే మీకు విశ్రాంతి ఎంత దొరుకుతుందో మీరే ఊహించుకోండి.

నీళ్ల విషయం ఇంటిల్లిపాదికీ చెప్పండి. అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో ఒక పాయలా నీరు ప్రశాంతంగా కనిపిస్తే, చాలామంది అక్కడే దిగుతారు. తరచూ ప్రమాదం అక్కడే ఉంటుంది. ఒడ్డుకి వచ్చిన నీరు ఆ సన్నటి దారిలో వేగంగా లోపలికి వెనక్కి పోతుంటుంది. మంచి ఈతగాళ్లు కూడా దానికి ఎదురీదలేరు. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి లాక్కుపోతుంది. చిక్కుకుంటే ఎదురీదకుండా తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, వీలైతే తీరానికి సమాంతరంగా ఈది పక్కకి బయటపడాలి. ఎరుపు, పసుపు రంగుల జెండాల మధ్య అయితే లైఫ్‌గార్డులు ఉంటారు, ఈతకి దిగితే అక్కడే దిగండి. రెండు ఎర్ర జెండాలు ఎగిరితే నీళ్లలోకి వెళ్లకూడదు. ఊదా జెండా ఉంటే జెల్లీ చేపల్లాంటివి ఉన్నట్టు. బాబు నీళ్ల దగ్గర ఉన్నప్పుడు ఎవరి కళ్లు వాడి మీద ఉండాలో వేళ ప్రకారం వంతులు వేసుకోండి, ఆ వంతులో ఉన్నవాళ్లు ఫోన్ ముట్టకూడదు. అందరూ చూస్తున్నారనుకున్న చోట ఎవరూ చూడరు. ఈ వంతులు లేకపోతే మీరు కుర్చీలో వాలి కూర్చున్నా మీ కళ్లు మాత్రం డ్యూటీలోనే ఉంటాయి.

చిన్న ఊరు కాబట్టి కొంత నగదు దగ్గర ఉంచుకోండి, ఏటీఎం పనిచేయకపోవచ్చు. అత్తగారి మందులు వెళ్లే రోజులకన్నా ఎక్కువే పెట్టుకోండి, దగ్గర్లోని ఆసుపత్రి ఎంత దూరమో ముందే కనుక్కోండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి దోమల క్రీమ్ పొద్దుట్నుంచే రాయాలి.

ఇక మీ వారితో ఎలా మాట్లాడాలి? ‘రెస్ట్ కావాలి’ అన్న మాట వాడకండి. అది ఎంత పెద్దదో, ఎప్పుడు తీరుతుందో ఎదుటివాళ్లకి తెలియదు. వాళ్లకి అది ‘నీతో తిరగడం నాకిష్టం లేదు’ అని వినిపిస్తుంది. కొలిచి అడగండి. ‘నాలుగు పొద్దులు పది దాకా నన్నెవరూ ఏమీ అడగొద్దు. వంట ఒక్క పూటే. ఊరు ఒక్కసారే మారదాం, లేదా అసలు మారొద్దు.’ ఇలా అడిగితే ఆయన ఒప్పుకోవచ్చు, బేరమాడొచ్చు, కాదనొచ్చు. ఏదైనా తేలుతుంది. ఆ వెంటనే ‘మీరు తప్పకుండా చూడాలనుకునేవి రెండు చెప్పండి’ అని అడగండి. ఆ రెండింటికీ మీరు మనస్ఫూర్తిగా వెళ్లండి. అమ్మాయికి కూడా ఒక రోజు ఇవ్వండి, అది పూర్తిగా తన ఇష్టం, ఫోన్ చూస్తూ కూర్చున్నా సరే. బాబుకి ఇసుక, ఒక బకెట్ ఉంటే చాలు.

పిల్లల ముందు మాత్రం ఈ చర్చ పెట్టకండి. వాళ్లు వెంటనే నాన్న వైపు చేరతారు, పడవ ఎవరికి వద్దు?

వెళ్లడమే మానేయాలన్న ఆలోచన కూడా ఒక దారే. కానీ ఇప్పుడు మానేస్తే ‘నువ్వు వద్దన్నావు కాబట్టి’ అన్న మాట మీ మీద ఉండిపోతుంది, ఇంట్లో ఉన్న ఆ ఎనిమిది రోజులూ మీకు సెలవూ ఉండదు. మీ వారు పైన చెప్పినవేవీ ఒప్పుకోకపోతే, నా ఉద్దేశంలో మేలైనది ఇంకోటి ఉంది. ఆయన, పిల్లలు ఆ మూడు ఊళ్లు తిరిగి రానివ్వండి, మీరు మొదటి ఊళ్లోనే ఆగిపోండి, చివరి రోజు అందరూ అక్కడ కలుసుకోండి. ఒంటరిగా ఉండటం మీకు కొత్త అయితే మొదటి రాత్రి దిగులుగా ఉండొచ్చు, బంధువులు నాలుగు మాటలు అనొచ్చు. బాబు మిమ్మల్ని వదిలి అన్ని రోజులు ఉండగలడా అన్నది మీకే తెలియాలి. ఉండలేడనిపిస్తే ఇది వదిలేసి, నాలుగో దారి గురించే మీ వారితో మళ్లీ కూర్చోండి. అడ్వాన్సులు కట్టకముందే ఈ మాటలు అయిపోవాలి. డబ్బు కట్టేశాక ఎవరు ఏమన్నా ‘ఇప్పుడెలా మారుస్తాం’ అన్న జవాబే వస్తుంది.